పై ఊరి తూము: రష్యా గ్యాసు, మోల్డోవా చలికాలం
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ కమిటీ సభ్యులకు, ముందు వరసలో కూర్చున్న విశ్రాంత ఉపాధ్యాయులకు, కుర్చీలు చాలక గోడ పక్కన నిలబడ్డ విద్యార్థులకు, ప్రార్థన గీతం పాడిన అమ్మాయిలకు, పొద్దుటి నుంచి ఈ హాలు ఊడ్చి, నీళ్ళు పెట్టి, మైకు సరిచేసిన సిబ్బందికి పేరుపేరునా నమస్కారం.

కరపత్రంలో నా అంశం ‘సమకాలీన రష్యా రాజకీయాలు, ఇరుగుపొరుగు దేశాలతో సంబంధాలు’ అని వేశారు. రష్యాకు భూసరిహద్దు ఉన్న దేశాలే 14. గంటలో 14 దేశాలూ చుట్టివస్తే ఏ దేశం గురించీ చెప్పినట్టు కాదు. అందుకని బెలారస్, లిథువేనియా, మోల్డోవా అని మూడు దేశాలు రాసుకొచ్చాను. మూడింటినీ కలిపే వస్తువు ఒక్కటే. భూమిలో మీటరు లోతున పూడ్చిన ఉక్కు గొట్టం.

ఈ మూడింటిలో మోల్డోవాకు రష్యాతో సరిహద్దే లేదు. మధ్యలో ఉక్రెయిన్ అంతా ఉంది. ఈ గోడకున్న పటం మీద ఎవరైనా వేలు పెట్టి చూడండి. ఒక పక్క రొమేనియా, మూడు పక్కలా ఉక్రెయిన్. జనాభా సుమారు 24 లక్షలు. అంత దూరాన ఉన్న దేశం రష్యాకు పొరుగు ఎలా అయింది? ఆ గొట్టం వల్లే అయింది.

మన డెల్టాలో శివారు భూముల రైతుకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. కాలువ మొదట్లో ఉన్నవాడికి నీళ్ళు హక్కుగా వస్తాయి, శివారు వాడికి దయగా వస్తాయి. పైన షట్టరు దించితే కింద చేను బీటలు వారుతుంది. గోదావరిలో నీళ్ళు తగ్గాయా, లాకుల దగ్గర మనిషి మాట మారిందా అన్నది శివారు రైతుకు తెలిసే దారి లేదు. గ్యాసు పైపు కూడా అంతే. ఒక్క తేడా ఉంది. కాలువ నీరు పల్లానికి దానంతట అదే పారుతుంది, గ్యాసును ఎవరో ఒకరు నెట్టాలి. పెద్ద లైనులో 50 నుంచి 75 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది. దారిలో ఘర్షణకు అది తగ్గుతూ వస్తుంది కాబట్టి నూరు నూటయాభై కిలోమీటర్లకు ఒక కంప్రెసర్ స్టేషను పెట్టి మళ్ళీ నెడతారు. ఊరి శివార్లలో రెగ్యులేటర్లు పెట్టి తగ్గించుకుంటూ వెళ్తే, చివరికి వంటింటి బర్నరు దగ్గర మిగిలే ఒత్తిడి జానెడు నీటి మట్టం పాటిది. ఆ జానెడు మాట గుర్తుంచుకోండి, దానితో నాకు మళ్ళీ పని ఉంది.

ఈ లైన్లు వేసిన రోజుల్లో సరిహద్దులు లేవు. అంతా సోవియట్ యూనియన్. ఏ రిపబ్లిక్కు ఎంత పోయిందో కొలవడానికి గీత దగ్గర మీటరు కూడా అవసరం అనుకోలేదు. 1991 డిసెంబరులో ఆ దేశం 15 దేశాలైంది. పైపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. బావి రష్యాలో, గొట్టం ఉక్రెయిన్‌లో, పొయ్యి మోల్డోవాలో.

మన వార్తల్లో ఈ సంగతి రాదు. వచ్చేదంతా నాటో, అమెరికా, పుతిన్, క్షిపణులు. చిన్న దేశం పేరు వస్తే ‘కీలుబొమ్మ’ అనే మాటతో సరిపెట్టేస్తున్నారు. 24 లక్షల మంది బతుకుతున్న దేశాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయం. ఆ ఇళ్ళల్లో నీళ్ళు ఎలా కాగుతాయి, బిల్లు ఎవరికి కడతారు, ఆ డబ్బు ఎటు పోతుంది అని అడిగితేనే అక్కడి రాజకీయం అర్థమవుతుంది.

ముందు అమ్మేవాడి సంగతి. ఆ అమ్మేది గాజ్‌ప్రోమ్ అనే గ్యాసు కంపెనీ. అందులో సగానికి పైగా వాటా రష్యా ప్రభుత్వానిదే. 2001 నుంచీ అలెక్సేయ్ మిల్లరే దాని అధిపతి. పైపు ద్వారా గ్యాసు ఎగుమతి చేసే హక్కు ఆ ఒక్క కంపెనీకే ఉండేలా 2006లో చట్టం చేశారు. కాబట్టి గాజ్‌ప్రోమ్ ధర చెప్పింది అంటే క్రెమ్లిన్ ధర చెప్పినట్టే. అందులో దాపరికం కూడా లేదు. 2010 ఏప్రిల్‌లో ఉక్రెయిన్‌తో ఖార్కివ్ ఒప్పందం కుదిరింది. వెయ్యి ఘనపు మీటర్ల మీద 100 డాలర్ల వరకు తగ్గింపు. దానికి బదులు సెవస్టోపోల్‌లో రష్యా నౌకాదళం మకాం గడువు 2042 దాకా పొడిగింపు. గ్యాసు ధరా నౌకాస్థావరం అద్దే ఒకే కాగితం మీదికి వచ్చాయి. అది రెండు ప్రభుత్వాలు సంతకం పెట్టి, పార్లమెంట్లు ఆమోదించిన పత్రం.

ఈ పద్ధతిలో రెండు పనిముట్లు ఉన్నాయి. ఒకటి షట్టరు. 2006 జనవరి 1న ఉక్రెయిన్‌కు దించారు, నాలుగు రోజుల్లో ఎత్తారు. అదే రోజున మోల్డోవాకూ దించారు. అప్పటి దాకా వెయ్యి ఘనపు మీటర్లకు 80 డాలర్లు, అడిగింది 160, రెండు వారాలు దాటాక కుదిరింది 110. 2009 జనవరి 7 నుంచి 20 దాకా ఉక్రెయిన్ మీదుగా ఐరోపాకు వెళ్ళే గ్యాసంతా ఆగిపోయింది. నడి శీతాకాలంలో బల్గేరియాలో జనం చలికి వణికారు. ప్రతిసారీ జనవరే ఎందుకో నేను చెప్పనక్కర్లేదు.

రెండో పనిముట్టు అప్పు. ఇది షట్టరు కంటే మెత్తనిది, లోతుకు దిగేది. బెలారస్ కథ ఇదే. గ్యాసు చవగ్గా ఇస్తారు. తర్వాత ధర పెంచుతామంటారు. కట్టలేకపోతే పైపుల కంపెనీ వాటా అమ్మమంటారు. బెల్‌ట్రాన్స్‌గాజ్‌లో సగం వాటాను 2007లో కుదిరిన బేరంతో 250 కోట్ల డాలర్లకు, మిగతా సగాన్ని 2011లో ఇంకో 250 కోట్లకు గాజ్‌ప్రోమ్ కొనేసింది. బెలారస్‌కు ఆ తర్వాత కూడా చవక గ్యాసు అందింది. కాదనను. కానీ తన పొలంలోని కాలువ తనది కాకుండా పోయింది.

లిథువేనియా ఇంకో దారి పట్టింది. 2014లో క్లైపెడా రేవులో ఒక ఓడ తెచ్చి కట్టేసుకుంది. ద్రవంగా మార్చిన గ్యాసును దించుకుని, మళ్ళీ ఆవిరి చేసి పైపులోకి వదిలే ఓడ. పేరు ‘ఇండిపెండెన్స్’. ఏడాదికి సుమారు 400 కోట్ల ఘనపు మీటర్ల సామర్థ్యం. ఓడ రేవుకు రాకముందే, వస్తుందని తెలియగానే, గాజ్‌ప్రోమ్ తన ధరలో ఐదో వంతుకు పైగా తగ్గించింది. చెరువు తవ్వుకుంటున్నాడని తెలిస్తే కాలువ మొదట్లో వాడి గొంతు మారుతుంది. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం రష్యా గ్యాసు పూర్తిగా మానేసింది. కరెంటు మాత్రం అప్పటికీ మాస్కో నడిపే గ్రిడ్డుతోనే ముడిపడి ఉండేది. 2025 ఫిబ్రవరి 8న మూడు బాల్టిక్ దేశాలూ ఆ తీగలు విప్పుకుని, ఒక రోజు తమ కాళ్ళ మీద తాము నిలబడి, 9న ఐరోపా గ్రిడ్డుకు కలిశాయి.

బెలారస్, లిథువేనియాల గురించి ఇంకా నాలుగు పేజీలు రాసుకొచ్చాను. అవి పక్కన పెడతాను. మిగిలిన సమయమంతా మోల్డోవాకే ఇవ్వనివ్వండి. ఈ విషయం అక్కడే కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది.

పటం మళ్ళీ చూడండి. మోల్డోవా తూర్పు అంచున నీస్టర్ నది. ఆ నదికి అవతలి గట్టున సన్నటి చీలిక. దాన్ని ట్రాన్స్‌నిస్ట్రియా అంటారు. ముఖ్యపట్టణం తిరస్పోల్. 1990లో వేరుపడ్డామని ప్రకటించుకుంది. 1992లో యుద్ధం జరిగింది. జులై 21న మాస్కోలో కాల్పుల విరమణ మీద సంతకాలు చేసింది మోల్డోవా అధ్యక్షుడు స్నెగూర్, రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్. యుద్ధంలో రెండో పక్షం ఎవరో ఆ సంతకమే చెబుతుంది. ఐక్యరాజ్యసమితిలోని ఏ దేశమూ దాన్ని దేశంగా గుర్తించలేదు, రష్యా కూడా గుర్తించలేదు. అయినా దాదాపు 1,500 మంది రష్యా సైనికులు అక్కడ ఉన్నారు. కొబస్న అనే ఊళ్ళో సోవియట్ కాలపు మందుగుండు సుమారు 20 వేల టన్నులు నిల్వ ఉంది. 1999లో ఇస్తాంబుల్ శిఖరాగ్ర సభలో సైన్యాన్ని వెనక్కి తీసుకుంటామని రష్యా మాట ఇచ్చింది. ఆ మాటకు పాతికేళ్ళు దాటాయి.

ఆ చీలిక దక్షిణ కొసన కుచుర్గన్ జలాశయం ఒడ్డున ఒక కరెంటు కేంద్రం ఉంది. సోవియట్ కాలంలో మొత్తం మోల్డోవా కోసం కట్టింది. స్థాపిత సామర్థ్యం 2,520 మెగావాట్లు. 2005 నుంచి రష్యా ప్రభుత్వ ఆధీనంలోని ఇంటర్ రావ్ కంపెనీది. దేశం ఇవతలి గట్టున, దాని దీపాలు వెలిగించే యంత్రం అవతలి గట్టున. ఈ ఇవతలి గట్టున, అంటే నదికి కుడివైపు, వాడే కరెంటులో ఏళ్ళ తరబడి ఐదింట నాలుగు వంతులు అక్కణ్ణించే వచ్చేది. రొమేనియా నుంచి వచ్చే 400 కిలోవోల్టుల లైను కూడా వుల్కనేష్తి అనే ఊరు దాటాక ఆ కేంద్రం స్విచ్‌యార్డు గుండానే రాజధాని కిషినావ్‌కు చేరేది.

ఇక ఈ యంత్రం ఎలా తిరిగేదో వినండి. దయచేసి విద్యార్థులు రాసుకోండి.

గాజ్‌ప్రోమ్ గ్యాసు పంపుతుంది. కాగితం మీద కొనేది మోల్డోవాగాజ్ అనే కంపెనీ. అందులో సగం వాటా గాజ్‌ప్రోమ్‌దే, మోల్డోవా ప్రభుత్వానికి 35 శాతం పైచిలుకు, తిరస్పోల్ వాళ్ళకు 13 శాతం పైచిలుకు. మోల్డోవాగాజ్ ఆ గ్యాసులో ఒక భాగాన్ని అవతలి గట్టుకు పంపిస్తుంది. అక్కడ తిరస్పోల్‌ట్రాన్స్‌గాజ్ అనే సంస్థ దాన్ని ఇళ్ళకు, ఉక్కు కర్మాగారానికి, కరెంటు కేంద్రానికి నామమాత్రపు ధరకు ఇస్తుంది. జనం బిల్లు కడతారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ డబ్బు ఒక ప్రత్యేక గ్యాసు ఖాతాలో పడుతుంది. అక్కణ్ణించి గాజ్‌ప్రోమ్‌కు వెళ్ళదు. తిరస్పోల్ బడ్జెట్‌లోకి వెళ్తుంది. పింఛన్లు, జీతాలు, మిలీషియా ఖర్చు అందులోంచే. చవక గ్యాసుతో చేసిన కరెంటును కుడిగట్టుకు అమ్ముతారు. ఆ డాలర్లూ అక్కడికే. అంటే కిషినావ్‌లో ఒక ముసలావిడ కట్టిన కరెంటు బిల్లులో కొంత, తన దేశాన్ని చీల్చిన వాళ్ళ ఖజానాకు చేరేది.

మరి గాజ్‌ప్రోమ్‌కు రావాల్సిన డబ్బు? వదిలేయలేదు, అడగనూ లేదు. ఏటేటా అప్పుగా రాసుకుంటూ పోయింది. ఎవరి ఖాతాలో? మోల్డోవాగాజ్ ఖాతాలో. ఎడమగట్టు పేరున పేరుకుపోయిన ఆ అంకె వెయ్యి కోట్ల డాలర్ల దరిదాపుకు వెళ్ళింది. అన్నం తిన్నది ఒకరు, చిట్టాలో పేరు ఇంకొకరిది. మన ఊళ్ళల్లో ఎవరో వాడుకున్న ఎరువుల బస్తాలు పక్కవాడి ఖాతాలో రాస్తే ఏమవుతుంది? పంచాయితీ అవుతుంది. ఇక్కడ 30 ఏళ్ళు ఎవరూ పంచాయితీ పెట్టలేకపోయారు, ఎందుకంటే ప్రశ్న లేస్తే చలికాలంలో షట్టరు దిగుతుంది.

ఇది పరాయి దేశాల లెక్క కదా అనుకోకండి. ‘ఉచితం’ అని రాసిన ప్రతి కాగితం వెనక చిట్టా ఎవరి పేరున ఉందో చూడటం నేర్పే లెక్క ఇది.

కుడిగట్టు వాళ్ళది తప్పేమీ లేదని నేను అనడం లేదు. 2014లో ఆ దేశపు మూడు బ్యాంకుల నుంచి దాదాపు 100 కోట్ల డాలర్లు మాయమయ్యాయి. ఆ కేసులో ఇలాన్ షోర్ అనే రాజకీయ నాయకుడికి 15 ఏళ్ళ శిక్ష పడింది, మనిషి దేశం దాటిపోయాడు. రొమేనియా నుంచి గ్యాసు తెచ్చుకునే పైపు మొదటి ముక్క అక్కడి యాషి నుంచి మోల్డోవా సరిహద్దు ఊరు ఉంగెని దాకా, 43 కిలోమీటర్లు, 2014 ఆగస్టులోనే ప్రారంభమైంది. కానీ ఉంగెనిలో జనాభా ఎంత! అక్కణ్ణించి రాజధానికి 120 కిలోమీటర్ల ముక్క పూర్తవడానికి 2020 దాకా పట్టింది. ఆరేళ్ళు. చెరువు తవ్వి పంటబోదె తవ్వకపోతే చేనుకు నీరు ఎక్కదు. ఆ ఆరేళ్ళ ఆలస్యానికి కిషినావ్ పాలకులే జవాబు చెప్పుకోవాలి.

2021 సెప్టెంబరు ఆఖరుకు గ్యాసు ఒప్పందం గడువు తీరింది. అప్పటికి మైయా సండు అధ్యక్షురాలు, ఆమె పార్టీకి పార్లమెంటులో మెజారిటీ వచ్చి రెండున్నర నెలలే. సరఫరా తగ్గింది, పైపులో ఒత్తిడి పడిపోయింది. అక్టోబరులో అత్యవసర పరిస్థితి పెట్టారు. పోలండ్ నుంచి 10 లక్షల ఘనపు మీటర్లు కొన్నారు. అవసరంతో పోలిస్తే అది చెంబుడు నీళ్ళు. అయినా స్వతంత్రం వచ్చాక రష్యా కాని చోటు నుంచి కొన్న తొలి గ్యాసు అది. నెలాఖరుకు ఐదేళ్ళ ఒప్పందం కుదిరింది. అందులోనే ఒక షరతు: పాత బకాయిని స్వతంత్ర ఆడిటర్లు పరిశీలించాలి. కుడిగట్టు పేరున గాజ్‌ప్రోమ్ అడిగేది 70.9 కోట్ల డాలర్లు. నార్వే, బ్రిటన్ సంస్థలు కాగితాలు తిరగేసి 2023లో తేల్చింది: ఆధారాలతో నిలబడేది 86 లక్షల డాలర్లు. నూటికి ఒకటింపావు కూడా కాదు. మోల్డోవా ఆ 86 లక్షలు కడతానంది, గాజ్‌ప్రోమ్ ఆ లెక్క ఒప్పుకోలేదు.

ఈలోగా యుద్ధం వచ్చింది. 2022 ఫిబ్రవరి 24 తర్వాత మార్చి 16న ఉక్రెయిన్, మోల్డోవా గ్రిడ్లను ఐరోపా గ్రిడ్డుకు కలిపారు. ఆ పని ముందే జరగకపోతే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. అక్టోబరులో గాజ్‌ప్రోమ్ రోజువారీ సరఫరాను 57 లక్షల ఘనపు మీటర్లకు కోసింది. నవంబరు 15న, మళ్ళీ 23న, ఉక్రెయిన్ కరెంటు కేంద్రాల మీద క్షిపణులు పడ్డప్పుడు మోల్డోవాలో దీపాలు ఆరిపోయాయి. దాని నేల మీద ఒక్క బాంబూ పడలేదు. పక్కింటి స్తంభం కూలితే మన ఇంటి ఫ్యూజు పోయినట్టు. డిసెంబరు నుంచి కిషినావ్ ఒక ఏర్పాటు చేసుకుంది. కుడిగట్టు గ్యాసు ఐరోపా నుంచి కొంటుంది. రష్యా పంపే ఆ 57 లక్షలూ ఎడమగట్టుకే. బదులుగా చవక కరెంటు. గ్యాసు మెడ మీద నుంచి చెయ్యి తీసింది. కరెంటు మెడ మీద ఉండిపోయింది.

ఇప్పుడు 2025 జనవరి 1కి వస్తాను. అధ్యక్షుల వారు చీటీ పంపారు, పది నిమిషాలే ఉందట. ఈ ఒక్క రోజు గురించి చెప్పకుండా దిగను, మన్నించాలి.

ఉక్రెయిన్ మీదుగా రష్యా గ్యాసు వెళ్ళడానికి 2019 డిసెంబరు 30న సంతకమైన ఐదేళ్ళ ఒప్పందం ఉంది. మొదటి ఏడాది 6,500 కోట్ల ఘనపు మీటర్లు, తర్వాత నాలుగేళ్ళు ఏడాదికి 4,000 కోట్లు. యుద్ధం జరుగుతుండగా కూడా ఇది నడిచింది. ఒకరినొకరు చంపుకుంటున్న రెండు దేశాల మధ్య, సూద్జా మీటరింగ్ స్టేషనులో ప్రతి పొద్దునా ఇంత పంపుతాం, ఇంత తీసుకుంటాం అని లెక్క సరిచూసుకునేవారు. 2025 జనవరి 1 ఉదయం మాస్కో టైము 8 గంటలకు గడువు తీరింది. ఆ రోజు అక్కడి లెక్క సున్నా. ఉక్రెయిన్ పొడిగించనని ఏడాది ముందు నుంచీ చెబుతూనే ఉంది, ఇందులో ఎవరికీ ఆశ్చర్యం లేదు.

కానీ వినండి. ట్రాన్స్‌నిస్ట్రియాకు గ్యాసు చేరడానికి ఇంకో దారి ఉంది. నల్లసముద్రం కింద నుంచి టర్కీ, బల్గేరియా, రొమేనియా మీదుగా, ఒకప్పుడు దక్షిణానికి పారిన ట్రాన్స్‌బాల్కన్ లైనులో ఉత్తరానికి తిప్పి పంపొచ్చు. కంప్రెసర్ స్టేషన్లలో వాల్వుల వరస మార్చితే అదే పైపు వెనక్కి పారుతుంది. మోల్డోవా ఈ దారి చూపించింది. గాజ్‌ప్రోమ్ ఆ దారిలో చోటు బుక్ చేసుకోలేదు. అంతేకాదు, డిసెంబరు 28నే ప్రకటించింది: జనవరి 1 ఉదయం 8 నుంచి మోల్డోవాకు సరఫరా పూర్తిగా ఆపుతున్నాం, కారణం పాత బాకీ. ఆ బాకీయే. ఆడిటర్లు 86 లక్షలన్న బాకీయే.

షట్టరు దిగితే ఎవరి చేను ఎండింది? కిషినావ్‌లో గ్యాసు ఉంది, ఐరోపా నుంచి కొనుక్కుంటోంది. ఎండింది తిరస్పోల్. 30 ఏళ్ళుగా రష్యా మమ్మల్ని చూసుకుంటుందని నమ్మిన ఊరు. రెండు లక్షలకు పైగా జనం దగ్గర రష్యా పాస్‌పోర్టులున్న ప్రాంతం. ఏడాది కూడా కాలేదు, 2024 ఫిబ్రవరి 28న సభ పెట్టి మమ్మల్ని కాపాడండని మాస్కోను వేడుకున్న ప్రాంతం.

ఆ ఇళ్ళల్లో ఏం జరిగిందో చూడండి. అక్కడి అపార్ట్‌మెంట్లకు వేడి ఊరంతటికీ కలిపి ఒకచోట కాచిన నీటితో వస్తుంది. జనవరి 1 ఉదయం ఆ బాయిలర్లు ఆగాయి. గోడకున్న రేడియేటరు మధ్యాహ్నానికి గోరువెచ్చన, రాత్రికి రాయి. వేడినీళ్ళు లేవు. ఆసుపత్రుల లాంటి చోట్లకే మినహాయింపు. ఆహార పదార్థాలు చేసేవి తప్ప ఫ్యాక్టరీలన్నీ మూతపడ్డాయి. అధికారులు ఇచ్చిన సలహాలు ఇవి: ఇంటిల్లిపాదీ ఒకే గదిలో ఉండండి, కిటికీలకు దుప్పట్లు కట్టండి, మందపాటి బట్టలు వేసుకోండి, ఎలక్ట్రిక్ హీటరు వాడండి. అందరూ హీటర్లు పెట్టారు. కుచుర్గన్ కేంద్రం అప్పటికి బొగ్గుకు మారింది, తనకున్న నిల్వతో ఎడమగట్టుకే చాలీచాలని కరెంటు ఇస్తోంది. గ్రిడ్డు తట్టుకోలేదు. మూడో తారీఖున గంట కోతతో మొదలై, రోజుకు ఎనిమిది గంటల దాకా వెళ్ళింది. కోత వేళ హీటరు ఆగింది, చలి పెరిగింది, కరెంటు రాగానే అందరూ ఒకేసారి స్విచ్చులు వేశారు, మళ్ళీ లోడు. ఈ సుడిగుండం ఎలా ఉంటుందో వేసవి కోతలు చూసిన మనకు తెలుసు. మనది ఉక్కపోత, వాళ్ళది గడ్డకట్టే చలి.

ఆ జానెడు ఒత్తిడి సంగతి ఇప్పుడు చెబుతాను. పైపులో మిగిలిన గ్యాసుతో కొన్నాళ్ళు పొయ్యిలు వెలిగించుకోవచ్చు. ఒత్తిడి ఆ జానెడు కంటే బాగా పడిపోతే ప్రమాదం. మంట ఆరుతుంది, మనిషి గమనించడు. సన్న గొట్టాల్లోకి గాలి చేరుతుంది. గ్యాసు, గాలి కలిస్తే ఏమవుతుందో ఈ సభలో చెప్పాలా? 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపు పేలి ఏం జరిగిందో కోనసీమ మరిచిపోలేదు. అందుకని ఒకసారి ఊరి నెట్‌వర్కు ఖాళీ అయితే, తిరిగి నింపడం షట్టరు ఎత్తినంత సులువు కాదు. ముందు ప్రతి ఇంటి వాల్వూ మూయాలి. వీధి లైను నింపి, లోపలి గాలిని చివర నుంచి బయటికి వదలాలి. అతుకుల దగ్గర సబ్బునీళ్ళు పూసి బుడగ వస్తుందేమో చూడాలి. ఆ తర్వాత ఇంటింటికీ మనిషి వెళ్ళి, తలుపు కొట్టి, లోపలికొచ్చి, పొయ్యి వెలిగించి చూపించి పోవాలి. ఇంట్లో మనుషులు లేకపోతే ఆ వాల్వు మూసే ఉండాలి. వేడినీటి గొట్టాలకు ఇంకో గండం. నీళ్ళు కదలకుండా నిలబడ్డప్పుడు ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోతే గడ్డకట్టి గొట్టం పగులుతుంది. ఖాళీ చేస్తే తిరిగి నింపడానికి వారాలు. ఈ భయం వల్లనే నెట్‌వర్కు ఖాళీ కాకుండా చూడాలని అందరూ ఆత్రపడ్డారు.

సహాయం ఎవరు చేశారు? ఫిబ్రవరి 1న ఐరోపా సంఘం ఇచ్చిన 2 కోట్ల యూరోలతో కిషినావ్ గ్యాసు కొని అవతలి గట్టుకు పంపింది. చీలిపోయిన వాళ్ళకు, వాళ్ళ తాళ్ళు మాస్కో చేతిలో ఉన్నా, పంపింది. ఇంకో 6 కోట్ల యూరోలు ఇస్తామంటే తిరస్పోల్ నాయకత్వం వద్దంది. ఫిబ్రవరి 10 తర్వాత కొత్త ఏర్పాటు వచ్చింది. గ్యాసు హంగరీ మూలాలున్న కంపెనీది, డబ్బు కట్టేది దుబాయ్ కంపెనీ, ఆ డబ్బు వెనక రష్యా అప్పు. మళ్ళీ అప్పు. గ్యాసు రష్యాది కాదు, చిట్టా మాత్రం రష్యాదే. డబ్బు ఆలస్యమైనప్పుడల్లా అక్కడ సరఫరా కుంటుతోంది.

కుడిగట్టు కూడా ధర చెల్లించింది. కరెంటు టారిఫ్ ఒక్కసారిగా సుమారు 75 శాతం పెరిగింది. పింఛను మీద బతికేవాళ్ళకు అది పిడుగే. రష్యా అనుకూల పార్టీలు ఆ బిల్లునే చేతిలో పట్టుకుని ఊరూరా తిరిగాయి. అంతకు ముందే, 2024 అక్టోబరు 20 రెఫరెండంలో ఐరోపా సంఘం వైపు వెళ్దామన్న వాళ్ళు 50.35 శాతమే. తేడా పదివేల ఓట్ల చిల్లర. నవంబరు 3న సండు 55 శాతం పైచిలుకుతో రెండోసారి గెలిచారు. ఆ చలికాలం, ఆ బిల్లుల తర్వాత కూడా, 2025 సెప్టెంబరు 28న ఆమె పార్టీకి 50.2 శాతం ఓట్లు, 101లో 55 సీట్లు వచ్చాయి. అదే నెలలో క్రెమ్లిన్‌లో మోల్డోవా వ్యవహారం ఏళ్ళ తరబడి చూసిన ద్మిత్రీ కొజాక్ పదవి నుంచి దిగిపోయారు. 2003లో ట్రాన్స్‌నిస్ట్రియాకు మొత్తం దేశం మీద అడ్డుకట్ట వేసే అధికారమిచ్చే ముసాయిదా రాసింది ఆయనే. అప్పటి కమ్యూనిస్టు అధ్యక్షుడు వొరోనిన్ చివరి నిమిషంలో సంతకం పెట్టనన్నారు. కమ్యూనిస్టు అధ్యక్షుడు, నా మాట గమనించండి. ఇది రాజకీయ సిద్ధాంతాల్లోని కుడి ఎడమల తగువు కాదు.

షట్టరు దించినవాడికీ నష్టం వచ్చింది. 2018లో ఐరోపాకు 20 వేల కోట్ల ఘనపు మీటర్లు అమ్మిన గాజ్‌ప్రోమ్, 2023కు 62,900 కోట్ల రూబుళ్ళ నష్టం చూపించింది. శివారు రైతులందరూ బోర్లు వేసుకుంటే మొదటి రైతు చేతిలో షట్టరు చక్రం తుప్పు పడుతుంది.

ఈ గ్రంథాలయంలో ఆ మూల బీరువాలో మాస్కోలో అచ్చైన తెలుగు పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చదివి పెరిగిన తరం ఇక్కడ కూర్చుంది. ఆ అభిమానం గొప్పది, దాన్ని ఎవరూ వదులుకోనక్కర్లేదు. ఆ పుస్తకాల వెనక అట్ట మీద ‘సోవియట్ యూనియన్’ అని ఉంటుంది. ఆ 15 రిపబ్లిక్కుల్లో మోల్డావియా ఒకటి. మన అభిమానంలో దాని వంతు దానికి ఇవ్వమని అడుగుతున్నాను.

ఇంకొక్క మాట. ఒడెసా వైపు చదువుకుంటున్న మన పిల్లల్లో కొందరు 2022 మార్చిలో పలాంకా దగ్గర సరిహద్దు దాటి, మోల్డోవా మీదుగా రొమేనియాకు చేరి విమానం ఎక్కారు. ఇప్పుడు వైద్యవిద్య కోసం కిషినావ్ వైపు చూస్తున్న కుటుంబాలు మన జిల్లాల్లో ఉన్నాయి. ఏజెంటు ఫీజు ఎంతో చెబుతాడు. హాస్టలుకు వేడి ఊరి బాయిలరు నుంచి వస్తుందా, భవనానికి సొంత బాయిలరు ఉందా, కరెంటు బిల్లు ఫీజులో కలిసిందా, విడిగా కట్టాలా అన్నది మీరే అడగాలి. ఆ ప్రశ్నలన్నీ ఈ కాగితం మీద రాసి ఉంచాను. పటం కూడా బల్ల మీదే ఉంటుంది. సభ ముగిశాక కావలసిన వాళ్ళు ముందుకు రండి, నేను ఇక్కడే ఉంటాను.